రంగు కింద ఇనుము

కావలి,
3 సెప్టెంబరు 1961

ప్రియమైన జ్ఞానప్రకాశానికి,

మీ అక్క చివరి రోజున ఏం జరిగిందో రాయమని అడిగావు. టెలిగ్రాంలో పట్టినంత రాశాను. మిగతాది ఇది.

శుక్రవారం పొద్దున బల్లకట్టు నడిపే చిన్నపోలయ్య మా ఇంటికి వచ్చాడు. "సార్, నర్సమ్మకే వాంతులు పట్టుకున్నాయి" అన్నాడు. కాలవ అవతలి పాలెంలో అప్పటికే కలరా ఉంది. ఆనంద, డిస్పెన్సరీ జీపును తనే నడుపుకుంటూ వెళ్లి అక్కడే ఉండిపోయింది. నేను సైకిలు మీద కాలవ దాకా పోయి, దాటి, ఇసుకలో నడిచి పాలెం చేరేసరికి మధ్యాహ్నమైంది. బడి వరండాలో పడుకుని ఉంది. తీసుకెళ్లిన సెలైను సీసాలన్నీ పాలెం వాళ్లకు ఎక్కించేసింది. తనకొకటి మిగుల్చుకోలేదు. నన్ను చూసి, "కాలేజీకి సెలవు పెట్టారా?" అని అడిగింది.

ముందు సీట్లో కూర్చోబెట్టి, పడిపోకుండా దుప్పటితో కట్టాను. జీపు కాస్త మొరాయించి స్టార్టయింది. కాలవ దాకా బాగానే వచ్చాం. బల్లకట్టు ఎక్కితే ఇంజను ఆపాలి. ఎప్పుడో ఎవరిదో కారు నడికాలవలో ముందుకు దూకిందట. అప్పటినుంచీ అక్కడ అదే నియమం. ఆపాను. ఇవతలి గట్టుకు వచ్చాక స్టార్టరు నొక్కాను. టక్కుమని ఒక్క చప్పుడు. మళ్లీ నొక్కితే అదీ లేదు. నువ్వు మార్చిన ఇంజను పాతదానికన్నా కాస్త పక్కకు కూర్చుంది కాబట్టి ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పే వీలు లేదు. బల్లకట్టు మీదివాళ్లు దిగి తోశారు. చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. సాయం కోసం హారన్ మోగిస్తూ కూర్చున్నాను. చిన్నపోలయ్య ఎద్దుబండి తెచ్చాడు. బండి ట్రంకు రోడ్డు చేరకముందే ఆమె పోయింది. చివర మాట లేదు. బాధ కూడా ఉన్నట్టు లేదు.

శనివారం సమాధి చేశాం. పాలెం వాళ్లు చాలామంది వచ్చారు. మీ అమ్మను నేను చూసుకుంటున్నాను.

ఇక జీపు. సోమవారం ఎద్దులు కట్టి నాగుల్ మీరా షెడ్డుకు లాగించాను. మీరా తన బ్యాటరీ తెచ్చి, తీగలు తగిలించి, నొక్కాడు. ఒక్క నొక్కుకే అందుకుంది. "బ్యాటరీ పోయింది సార్, అంతే" అన్నాడు. బ్యాటరీ పోతే గట్టు మీద హారన్ అంత గట్టిగా ఎలా మోగింది?

డిస్పెన్సరీ సెక్రటరీ యెహోషువ గారు జీపును నెల్లూరులో పాత ఇనుము కొనేవాళ్లకు అమ్మేద్దామంటున్నారు. ఆనంద స్థానంలో పుష్పకుమారి అనే నర్సు వచ్చింది. జీపు లేకపోతే ఆమె కావలి దాటదు. కాలవ అవతల మందు ఉండదు. వానలు వెలిసేదాకా ఆగమని అడిగాను. ఒప్పుకున్నారు.

ఇంజను మార్చింది నువ్వూ మీరా. ఏ తీగ ఎక్కడికి పోతుందో బొమ్మ గీసి పంపు. జీపు ఎందుకు ఆగిందో నేను తెలుసుకోవాలి.

నీ బావ,
విజయభాస్కర్


జబల్‌పూర్,
16 సెప్టెంబరు 1961

పూజ్యులైన బావగారికి ప్రకాశం నమస్కారములు.

మీ ఉత్తరం చదివి పక్కవాడికి కూడా చెప్పుకోలేదు. ఇక్కడ మా మిలిటరీ వర్క్‌షాపులో నేను రోజూ ఇంజన్లు ఎక్కించేవాణ్ణి, దించేవాణ్ణి. ఇలాంటి ఉత్తరం అందుకుని మళ్లీ పోయి ఇంజను కిందే పడుకోవాలంటే ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

బొమ్మ పంపుతున్నాను. జీపు యుద్ధం నాటి అమెరికా సరుకు, ఆరు వోల్టులది. దాని ఇంజను అరిగిపోతే, ఒక దొర అమ్మేసిన పాత ఇంగ్లీషు వ్యాను ఇంజను కొని ఎక్కించాం. అది పన్నెండు వోల్టులది. అందుకని బ్యాటరీ, లైటు బల్బులు, హారన్, స్టార్టరు తీగ అన్నీ మార్చినాం. ఇంజను రంధ్రాలు జీపు రంధ్రాలకు కలవక లారీ టైరు కోసి రబ్బరు దిమ్మలు వేసి వాటి మీద కూర్చోబెట్టినాం. మీరే చూశారు కదా. అన్నీ నా చేతుల మీద బిగించినవి. ఏడాదిన్నర ఏ గొడవా లేకుండా నడిచింది.

ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. "నువ్వు మార్చిన ఇంజను పక్కకు కూర్చుంది" అని రాశారు. అది నిజమే. కానీ బ్యాటరీలో నీళ్లు ఎవరు చూసేవాళ్లు? ఆ సముద్రపు గాలిలో తీగల కొసలు ఎవరు తుడిచేవాళ్లు? ఇంజను ఎక్కించినవాణ్ణి ఒక్కణ్ణే అడిగి ఊరుకుంటే సరిపోదు.

ఇంజను మార్చిన ఆ జనవరి గుర్తుందా? అక్క షెడ్డులో తిరగేసిన బకెట్టు మీద కూర్చుని, "ఒరే ప్రకాశం, పట్టాళంలో నీకు తుపాకీ ఇయ్యలేదని నా జీపు మీద పడినావా?" అనింది. మీరా ఊరుకోలేదు. "అమ్మా, వొళ్లు అమెరికాది, గుండెకాయ లండన్‌ది, నరాలు కావలివి. ఇది పరిగెత్తకపోతే నా మీసం తీసేస్తా" అన్నాడు. అక్క, "మీసం లేకుండా పోతే మీ జాన్‌బీ గుర్తుపట్టక తలుపు తియ్యదు, చూసుకో" అనింది.

ఇంకేం రాయలేను. పరీక్షలు చేసి రాయండి.

మీ
జ్ఞానప్రకాశం


కావలి,
8 అక్టోబరు 1961

ప్రియమైన ప్రకాశానికి,

బొమ్మ అందింది. బ్యాటరీలో నీళ్లు ఆనందే చూసేది, ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక. తీగల కొసలూ ఆమే తుడిచేది. నీ ప్రశ్న న్యాయమైనదే. తప్పుగా అనుకోలేదు.

చేసిన పనులు రాస్తున్నాను. కాలేజీ ప్రయోగశాల నుంచి మీటరు తెచ్చి బ్యాటరీ చూశాను. బాగుంది. అయినా మీరా మాట కాదనకుండా కొత్తది వేయించాను. స్టార్టరు విప్పి చూశాం. బాగుంది. స్విచ్చి మార్చాం. బ్యాటరీ నుంచి స్టార్టరు దాకా తీగ మార్చాం. ప్రతిసారీ మీరా తన షెడ్డు బ్యాటరీ తీగలు తగిలించి నొక్కుతాడు. ప్రతిసారీ అందుకుంటుంది. "అయిపోయినాది సార్, తీసకపొండి" అంటాడు. తీసుకుని కాలవ దాకా పోతాను. గట్టు మీద ఆపి, మళ్లీ నొక్కుతాను. టక్కుమంటుంది. లైట్లు దివ్యంగా వెలుగుతాయి. హారన్ మోగుతుంది. ఇంజను మాత్రం తిరగదు. నడిచి ఇంటికి వస్తాను. మర్నాడు ఎద్దులు పోయి తెస్తాయి. ఎద్దులవాడు ఇప్పుడు నన్ను చూడగానే కాడి సర్దుతున్నాడు.

మొన్న మీరా కాస్త తటపటాయించి అన్నాడు: "సార్, ఊళ్లో ఏమంటా ఉండారో తెల్సునా? నర్సమ్మ ఆ గట్టు కాడ బండిని పట్టుకోని ఉండాదంట. వొదలదంట."

"ఆమె అయితే వెనక నుంచి తోసేది మీరా. పట్టుకునేది కాదు" అన్నాను.

"అదీ నిజమే సార్" అని స్పానరు తీసుకున్నాడు.

నిన్న గట్టు మీద ఒక కొత్త సంగతి చూశాను. స్టార్టరు నొక్కుతూ, ముందు పలక మీది చోక్ గుండీ లాగబోయాను. చేయి చురుక్కుమంది. చోక్ గుండీ నుంచి ఇంజనుకు పోయేది ఉత్త లాగుడు తీగ. దానిలో కరెంటు ఉండదు. అది ఎందుకు కాలాలి? షెడ్డుకు వచ్చి అడిగితే మీరా, "మొదటిసారి బండి వచ్చినప్పుడే చోక్ తీగ మాడిపోయుండాది సార్. చిన్నదే కదా అని కొత్తది ఏసినా" అన్నాడు.

మొదటి ఉత్తరంలో ఒక సంగతి రాయలేదు. పాలెంలో నేను స్టార్టు చేస్తున్నప్పుడు ఆనంద చేయి ముందుకు జారి ఆ గుండీకి తగిలింది. "ఇది కాలతా ఉందండీ" అంది. ఆ రోగంలో ఒళ్లు చల్లబడుతుంది. ఆమె చేతులు మంచులా ఉన్నాయి. చల్లటి చేతికి ఏది తగిలినా వేడిగానే ఉంటుందనుకున్నాను. ఆమె ఆఖరున చెప్పిన మాట అది. అది జీపు గురించి చెప్పిన మాట అని నిన్న తెలిసింది.

నీకు ఏమైనా తోస్తే వెంటనే రాయి. వానలు మొదలయ్యాయి.

నీ బావ,
విజయభాస్కర్


జబల్‌పూర్,
20 అక్టోబరు 1961

బావగారికి,

ఉత్తరం అందిన రోజే రాస్తున్నాను.

తోచింది. గుండీ కాలిందంటే చాలు, ఇక్కడ ఎవణ్ణి అడిగినా చెప్తాడు. ఫిజిక్సు చెప్పే మీకు నేను చెప్పడమేమిటి గానీ రాయక తప్పదు. బ్యాటరీ నుంచి స్టార్టరుకు తీగ మీద పోయిన కరెంటు మళ్లీ బ్యాటరీకి చేరాలి కదా. అది ఇంజను ఇనుములోంచి జీపు అడుగు చట్రం చాసీలోకి దిగి, అక్కణ్ణించి బ్యాటరీకి పోతుంది. కానీ మన ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంది. రబ్బరులోంచి కరెంటు దిగదు. అందుకని ఇంజనుకూ చాసీకీ మధ్య ఒక రాగి పట్టీ వేస్తాం, జడలాగా అల్లినది. ఆ పట్టీ పని చేయకపోతే కరెంటుకు మిగిలిన దారి చోక్ తీగ ఒక్కటే. స్టార్టరు కరెంటు అంతా ఆ సన్న తీగలోంచి పోతే అది మాడిపోతుంది. మాడితే ఆ దారీ ఉండదు. లైట్లకూ హారన్‌కూ ఇంజనుతో పని లేదు కాబట్టి అవి బాగానే ఉంటాయి.

మీరాను ఒక్క మాట అడగండి. షెడ్డు బ్యాటరీ తీగల్లో రెండోది ఎక్కడ తగిలిస్తాడు? వాడికి ఇంజను మీదే తగిలించే అలవాటు, చేతికి అందుతుందని. అలా తగిలిస్తే పట్టీతో పనే లేదు. అందుకే షెడ్డులో ప్రతిసారీ బాగుంటుంది, బయటికి పోతే చస్తుంది.

బావా, ఇక అసలు మాట. ఆ రాగి పట్టీ నేను వేశాను. వేశాననే గుర్తు. అది ఆఖరి పని. బయట జట్కా నిలబడి ఉంది, రైలుకు టైమైపోతోందని అక్క కేకలేస్తా ఉంది. కింద పడుకుని బోల్టు పెట్టినట్టు గుర్తు. బిగించినట్టు గుర్తు రావడం లేదు. ఎంత తలుచుకున్నా రావడం లేదు.

మీరు కింద దూరి చూడండి. పట్టీ లేకపోయినా, బోల్టు వదులై ఉన్నా, ఉన్నది ఉన్నట్టు రాయండి. క్రిస్మసుకు సెలవు అడిగి ఉన్నాను. మీ జవాబు చూసి వచ్చేదీ రానిదీ తేల్చుకుంటాను.

జ్ఞానప్రకాశం


కావలి,
2 నవంబరు 1961

ప్రియమైన ప్రకాశానికి,

పట్టీ ఉంది. నువ్వు పెట్టిన చోటే ఉంది. బోల్టు బిగువుగా ఉంది. స్పానరుకు ఇద్దరం బలం పెడితే గానీ కదల్లేదు.

మీరా రెండో తీగ ఇంజను మీదే తగిలిస్తున్నాడు. నువ్వన్నది నిజం. అడిగాక ఆ తీగ కొసకు ఇంకో ముక్క అతికి పొడుగు చేసుకున్నాడు, ఇక చాసీకే తగిలిస్తానని.

పట్టీ చాసీకి సరిగ్గా ఆనలేదు. ఆ చోటు శుభ్రం చేసి బిగించాం. ఇప్పుడు షెడ్డు బ్యాటరీ లేకుండానే అందుకుంటోంది. చోక్ గుండీ చల్లగా ఉంది. ట్రంకు రోడ్డు మీద చాలాసార్లు ఆపి చూశాను.

వరదకు బల్లకట్టు నిలిపేశారు. గట్టు దగ్గర పరీక్ష మిగిలింది. అది చూస్తే గానీ నమ్మనని యెహోషువ గారు అన్నారు.

అమ్మ నిన్ను అడుగుతోంది. క్రిస్మసుకు రా.

నీ బావ,
విజయభాస్కర్


జబల్‌పూర్,
14 నవంబరు 1961

బావగారికి,

మీరు పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కూడా ఇలాగే చెప్తారా? పట్టీ ఉంది. బోల్టు ఇద్దరు బలం పెడితే గానీ కదల్లేదు. అయినా ఆనలేదు. ఇనుము మీద రాగి పెట్టి అంత బిగువుగా బిగిస్తే ఆనకపోవడం ఎక్కడైనా ఉందా? రిక్రూటు కుర్రాడికి చెప్పినా నవ్వుతాడు.

నాకు అర్థమైంది. బోల్టు వదులై ఉంది. మీరూ మీరా కలిసి బిగించి, నాకు ఈ ఉత్తరం రాశారు. మీరు అంతే. ఎవరి మీదా మాట పడనివ్వరు. అక్క కూడా అనేది, "మీ బావ నోట్లోంచి తప్పు అనే మాట రావాలంటే పరీక్ష పేపరు ఉండాల" అని.

వర్క్‌షాపు వదిలేసి స్టోర్సుకు మార్చమని మా సుబేదారుకు అర్జీ ఇచ్చాను. అక్కడ టైర్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవచ్చు. నా చేత్తో బిగించిన బండిలో ఇంకెవరి అక్కా కూర్చోకూడదు. సెలవు వద్దన్నాను. అమ్మకు డ్యూటీ పడిందని చెప్పండి.

మీరు నా మంచి కోరే అలా రాశారు. అందుకు కోపం లేదు. కానీ ఇక నాకు జీపు సంగతి రాయవద్దు.

జ్ఞానప్రకాశం


కావలి,
26 నవంబరు 1961

ప్రియమైన ప్రకాశానికి,

జీపు సంగతే రాస్తున్నాను. చివరిదాకా చదువు.

కిందటి ఉత్తరంలో నేను అబద్ధం రాయలేదు. సగం రాశాను. మిగతా సగం ఇది.

మీరా లాంతరు పట్టుకుంటే నేనే జీపు కిందికి దూరాను. పట్టీ ఉన్న చోటు ఎర్రగా, నున్నగా మెరుస్తోంది. మొత్తం జీపులో అంత చక్కగా ఉన్న చోటు ఇంకొకటి లేదు. అప్పటిదాకా మేం తుప్పు ఉన్న చోటల్లా వెతికాం. తుప్పు లేని చోటు చూడాలని ఇద్దరికీ తోచలేదు. బోల్టు విప్పి పట్టీ తీశాను. దాని కింద కూడా ఎరుపే. చాసీ ఇనుము మీద దళసరిగా రంగు, ఆ రంగు మీద పట్టీ, పట్టీ మీద మళ్లీ రంగు. ఇనుమూ రాగీ ఒకదాన్నొకటి తాకలేదు. అన్నాళ్లు నడిచిందంటే నువ్వు బిగించింది నిజమే. కానీ నీ తర్వాత దాన్ని ఒకరు విప్పి, కింద రంగు పూసి, నీకన్నా గట్టిగా బిగించారు.

ఆ రంగు డిస్పెన్సరీ గేటుది. ప్రతి క్రిస్మసు ముందు ఆనంద గేటుకూ బెంచీలకూ వేసేది, నీకు తెలుసు. మొన్నటి క్రిస్మసుకు జీపుకు కూడా వేసింది. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. పైపైన వేస్తోందనుకున్నాను.

తర్వాత చిన్నపోలయ్యను అడిగాను. "అవును సార్, నేనే చెప్పినా" అన్నాడు. పాలెంలో పడవకు పూత వేసేటప్పుడు పైన పూసి ఊరుకోరట. ప్రతి అతుకూ విప్పి, కింద నూనె, గుగ్గిలం పట్టించి, మళ్లీ బిగిస్తారట. ఉప్పు దూరేది అతుకుల్లోంచే. "నర్సమ్మ మా కాడ కూచోని చూసినాది. పడవకు ఇట్టా చేస్తే ఇన్నేళ్లొస్తది గదా, నా జీపుకెందుకు చెయ్యగూడదు అనినాది. మేలే గదమ్మా, చెయ్యి అన్నా" అన్నాడు. ఆమె అలాగే చేసింది. మీరా షెడ్డులో స్పానర్లు అడిగి తీసుకుందట. తన చేతికి అందిన ప్రతి బోల్టూ విప్పింది, కింద పూసింది, బిగించింది. పడవలకు అది సరైన పని. జీపు కూడా తుప్పు పట్టలేదు. బోల్టు మరల్లో రంగు చేరని చోట్ల నుంచి కరెంటు కొన్నాళ్లు పోయింది. వేసవి దాటేసరికి అక్కడా ఉప్పు పట్టి ఆ కాస్త దారీ మూసుకుంది.

ఇది నీకు ఎందుకు రాయలేదో చెప్తాను. తనే పూసిన రంగు వల్ల తనే గట్టు మీద ఆగిపోయిందన్న మాట కాగితం మీద పెట్టడం నాకు చేతకాలేదు. యెహోషువ గారికీ చెప్పలేదు. చిన్నపోలయ్యకూ చెప్పలేదు, ఎందుకు అడిగానో అతనికి తెలియదు. మీరాకు తెలుసు. అతను రంగును చూశాడు, నన్ను చూశాడు, లాంతరు కింద పెట్టి బయటికి పోయాడు. ఆ సంగతి అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఇప్పుడు నువ్వు స్టోర్సులో టైర్లు లెక్కపెడతానంటున్నావు. నేను దాచినందుకు నువ్వు పని మానుకోవడం ఆనంద ఒప్పుకునే బేరం కాదు. ఆమె ఉంటే ఏమనేదో నాకు తెలుసు. "నేనే పూసినాను, అయితే ఏంది, గీకండి" అనేది.

గీకాను. పట్టీ ఆనేంత మేర మాత్రమే. ఇనుము తెల్లగా మెరిసేదాకా ఉప్పుకాగితం పెట్టి రుద్దాను. ఒక చోట రంగులో కుంచె వెంట్రుక ఒకటి అతుక్కుని ఉంది. దాని జోలికి పోలేదు. మిగతా రంగంతా ఉంచాను. అది మంచి రంగు.

జీపు ఆగకపోతే ఆమె బతికేదా అని డాక్టరును అడిగాను. చెప్పలేనన్నాడు. నేనూ చెప్పలేను. నీ బోల్టు వల్ల పోలేదన్నది మాత్రం చెప్పగలను. నువ్వు నమ్మవేమోనని గీకిన రంగు పెచ్చు ఒకటి ఈ కవర్లో పెడుతున్నాను. ఒక వైపు నీ పట్టీ అల్లిక అచ్చు పడి ఉంది, చూడు. పట్టీ బిగువుగా లేకపోతే రంగులో అంత లోతుగా అచ్చు పడదు.

సుబేదారు గారి దగ్గర నుంచి అర్జీ వెనక్కి తీసుకో. క్రిస్మసుకు రా. అమ్మకు డ్యూటీ అని చెప్పలేదు, చెప్పను. ఈ ఏడు కూడా గేటుకూ బెంచీలకూ జీపుకూ రంగు వేయాలి. డబ్బాలో రంగు మిగిలి ఉంది. జీపు నువ్వు వెయ్యి. ఎక్కడ వేయకూడదో తెలిసినవాడివి.

వరద తీసింది. బల్లకట్టు మళ్లీ నడుస్తోంది. పాలెంలో ఇద్దరు బాలింతలు, ఒక చంటిబిడ్డ జ్వరంతో ఉన్నారని చిన్నపోలయ్య కబురు తెచ్చాడు. పుష్పకుమారి మందుల పెట్టె సర్దుకుంది. ఈసారి సెలైను సీసాలు రెండు విడిగా కట్టించాను, నర్సు కోసం. యెహోషువ గారు వెనక సీట్లో వస్తానన్నారు. తిరిగి నడవాల్సి వస్తే ఎలా అని అడిగారు. మంచి చెప్పులు వేసుకు రమ్మన్నాను. నవ్వలేదు గానీ వస్తున్నారు. మీరా రానన్నాడు. "నాతో పని పడదు సార్" అన్నాడు.

రేపు పొద్దున వాళ్లను ఎక్కించుకుని కాలవకు పోతాను. బల్లకట్టు మీద ఇంజను ఆపుతాను. అవతలి గట్టున స్టార్టరు నొక్కి పాలెం పోతాను.

నీ బావ,
విజయభాస్కర్